పోలీసాయన మాఫీ అన్నడు

ఆగమాగం రాస్తున్న. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

నేను ఖతార్‌ల ఉన్న అల్ ఖోర్‌కు వచ్చి ఇరవై రోజులు. మా లావణ్య ఇక్కడ నర్సు. ఆమె వీసా మీద వచ్చిన మొగన్ని నేను. నా ఐడీ కార్డు ఇంకా చేతికి రాలె. ఇయ్యాల పొద్దుగాల రొట్టెలు తెద్దామని పోతుంటే పోలీసాయన ఆపిండు.

"బతాకా?" అన్నడు, కార్డేదని. పాస్‌పోర్టు సుత ఇంట్లనే మర్శిపోయిన. ఉత్త చేతులు చూపిచ్చిన.

"బతాకా మాఫీ?"

మనకాడ మాఫీ అంటే వదిలేసుడే గదా! పానం లేచొచ్చింది. "మాఫీ, మాఫీ! థాంక్యూ సార్!" అని దండం పెట్టి నడుసుడు షురూ చేసిన. ఎన్కనుంచి ఒక్కటే కేక, ఆగుమని.

నన్ను ఇండియాకు తిరిగి పంపినా పోత. నా వల్ల ఆమె నౌకరికి ఏమన్నా అయితదేమోనని భయమైంది. డ్యూటీల ఉన్న లావణ్యకే ఫోన్ చేసిన. ఆమె నా వీసా కాగితం వాట్సాప్‌ల పంపి, ఆయనతోని మాట్లాడింది. ఆయన నవ్వుకుంట ఫోన్ నాకిచ్చి, పొమ్మని చెయ్యి ఊపిండు.

"ఏమయ్యా, ఇక్కడ మాఫీ అంటే లేదు అని! కార్డు లేదని ఒప్పుకొని, థాంక్స్ చెప్పి పోతున్నవా?"

"కోపమొచ్చిందా?"

"ఇంటికొచ్చినంక చెప్త."

ఆరింటికి వస్తది. ఇప్పుడు ఐదున్నర. అన్నం, కూర వండిన, గిన్నెలు తోమిన, ఇల్లు రెండుసార్లు ఊడ్చిన. ఇంకేం చెయ్యాల్నో పెండ్లయినోళ్ళు జెర జల్ది చెప్పుండ్రి.