పెద్దసుబ్బమ్మ తొట్టి

పులివెందుల నుంచి చక్రాయపేటకు పోయే దారి పక్కన మా మేనత్త పెద్దసుబ్బమ్మ బావి ఉంది. ఆమె మామ తవ్వించింది. పక్కనే రాతి తొట్టి. ఎండాకాలం మేత వెతుక్కుంటూ ఎవరి మంద వచ్చినా ఆ తొట్టిలో తాగొచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు. మంద వస్తోందంటే చాలు, అత్త మోటారు వేసి తొట్టి నింపేది. కాపరికి మంచినీళ్లు ఆ తర్వాతే. "నోరుండే వాడు అడుక్కుంటాడులే" అనేది.

ఆమెకు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నిరుడు ఊరికి శుద్ధజలం ప్లాంటు మంజూరైంది. స్థలం పంచాయతీది, మిషను కంపెనీది, రాబడి ఇద్దరిదీ. నీళ్లు మాత్రం ఇద్దరి దగ్గరా లేవు. అందుకని అత్త బావి కావలసి వచ్చింది. అడగడానికి వాళ్ల తరఫున ఊళ్లో రైతు నారాయణరెడ్డి వచ్చాడు. ఏటా ఎరువు కోసం అత్త మంద రాత్రిళ్లు ఆయన చేలోనే పడుకునేది. అంత నమ్మకం.

"బాయి ఇయ్యి అక్కా. ఊరంతా నీ పేరు చెప్పుకుంటాది. తొట్టికి ఎప్పట్లాగే బాయినీళ్లు పారతాయి. దానికి నాది పూచీ."

కంపెనీ మనిషి కాగితాలు తీశాడు. అత్త వాటివైపు చూడనే లేదు, రెడ్డి ముందు కొంగు పట్టింది. చేలో మంద ఆపే బేరం మాకు అలాగే కుదురుతుంది. రైతు మా ఒడిలో గుప్పెడు జొన్నలు పోస్తే మాట ఖాయం. పోసి తప్పినవాణ్ణి మా వైపు ఎవరూ చూడలేదు. రెడ్డి నవ్వుతూ జొన్నలు తెప్పించి పోశాడు. అప్పుడు అత్త వేలిముద్ర వేసింది.

రిబ్బను కత్తిరించిన వారానికే మోటారుకు తాళం పడింది. ప్లాంటు నుంచి తొట్టిలోకి గొట్టం వేశారు. తొట్టి నిండుగానే ఉంది, కానీ గొర్రెలు మూతి పెట్టి, తల విదిలించి వెనక్కి తగ్గాయి. అత్త దోసిలి పట్టి నోట పోసుకుని ఉమ్మేసింది. మిషను మంచినీళ్లు తీసుకుని వదిలేసిన ఉప్పునీళ్లు అవి. మంచినీళ్లకు కార్డు కావాలట. ఊరివాళ్లు పట్టుకోగా మిగిలినవి ట్యాంకర్లలో పులివెందులకు పోతున్నాయి. ఆ ట్యాంకర్లు నారాయణరెడ్డివి.

అత్త ఆయన ఇంటికే పోయింది.

"ఏం రెడ్డీ, ఇదేనా నీ మాట?"

"కంపెనీ రూల్సు అక్కా, నా చేతిలో ఏముండాది? అయినా ఈ వయసులో నీకు గొర్రెలేంటికి? అమ్మేయ్. ప్లాంటులో ఊడ్చే పని ఇప్పిస్తా."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. పైగా మందు కూడా రాస్తానన్నాడు, పెద్దమనిషి! అత్త ఇంటికి తిరిగొచ్చింది. నీళ్లు లేక, ఉగాదికి ముందే గొర్రెల్ని సంతకు తోలింది.

మొన్న మేలో పెండ్లిమర్రి వైపు నుంచి వెంకటరమణ వచ్చాడు. ఏటా మందతో వచ్చే మనిషే. రొప్పుతూ వస్తున్న గొర్రెలు తొట్టి కనపడగానే పరుగెత్తాయి, మూతి పెట్టి ఆగిపోయాయి. ఆయన కూడా రుచి చూశాడు. ప్లాంటు బోర్డు చూశాడు. తర్వాత అత్త వైపు తిరిగాడు.

"బాయి ఎంతకు అమ్మినావు పెద్దమ్మా?"

"దుడ్లు ముట్టలేదప్పా. ఉత్తగనే ఇచ్చినా."

వెంకటరమణ నమ్మలేదు. ఎండలోనే మందను మళ్లించుకుని వెళ్లిపోయాడు.