ఖాళీ పెట్టెకీ నాలుగు గీతలు

ఖాళీని దాచడం మా మేనకోడలికి చేతకాదు. రానివాళ్లకు చోటు వదిలితే గాని దాని ప్రాణం కుదుటపడదు. దాని పెళ్లి ఫొటో చూడండి, మొదటి వరసలో పన్నూడిన నోట్లోలా ఓ సందు కనిపిస్తుంది. అలిగి పెళ్లికి రాని పెదనాన్న కోసం వదిలిన చోటది.

"కాస్త దగ్గరగా జరగండమ్మా, ఫొటో పాడవుతుంది" అని ఫొటోగ్రాఫరు మొత్తుకున్నాడు.

"ఆయన రాలేదని చూసినవాళ్లకి తెలియద్దూ?" అంది. ఫొటో ఆయన ఇంటికి చేరిన రోజునే పెదనాన్న పరిగెత్తుకొచ్చాడు.

నేను దేశాలు పట్టి తిరిగినవాణ్ని. తమకు తెలియని సముద్రంలో తిమింగలాలను గీసి పరువు కాపాడుకున్న పాత దేశపటాలెన్నో చూశాను. ఖాళీని ఖాళీగానే గీసే తెగువ మాత్రం ఈ పిల్లలోనే చూశాను.

గ్రంథాలయంలో లెక్కలకు బొమ్మలు గీయించడం దాని ఉద్యోగం. ఏ విభాగం పుస్తకాలు ఎంతమంది తీసుకెళ్లారో కంప్యూటరు విభాగానికో పెట్టె కట్టి అందులో గీస్తుంది. బ్రెయిలీ విభాగంలో ఒక్క లెక్కా ఉండదు. అక్కడికి రాగానే ప్రోగ్రాం మొరాయించి, మిగతా పెట్టెలు కూడా గీయకుండా చతికిలబడేది. పక్క సీటాయన 'ఖాళీ అయితే దాటెయ్' అని ఓ ఆజ్ఞ రాసిపోయేవాడు. మా పిల్ల అది చెరిపేసి 'ఖాళీ అయితే ఖాళీ పెట్టె గియ్యి' అని రాసేది. ఆయన మళ్లీ మార్చేవాడు, ఇది మళ్లీ చెరిపేది. ఒకరు ఉప్పేస్తే ఒకరు నీళ్లు పోసే వంటలా సాగిందా వ్యవహారం.

చివరికి డైరెక్టరు గారే దిగివచ్చారు.

"ఏమ్మా, ఆ బోడి పెట్టె అసహ్యంగా లేదూ?"

"ఉంది సార్. అందుకే ఉంచాను."

"ఎవరూ చదవని పుస్తకాలు. వచ్చే కమిటీ మీటింగులో ఆ విభాగాన్నే తీసేయిస్తున్నాం."

"అయితే పెట్టె ఇంకాస్త పెద్దది చేస్తాను."

"ఉద్యోగం మీద ఆశ లేదా?"

"ఉంది సార్. పెట్టె చెరిపి దక్కించుకునేంత లేదు."

ఇంట్లో నేనూ నచ్చజెప్పబోయాను. "నాలుగు గీతల కోసం ఇంత పంతమేమిటే?"

"బొమ్మలో లేనిది మీటింగులో ఉండదు మామయ్యా. మీటింగులో లేనిది మర్నాడు బిల్డింగులో ఉండదు."

"మొండిఘటం!"

"మేనమామ పోలిక!"

కమిటీ రోజున నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. అధ్యక్షురాలు బొమ్మలోని ఖాళీ పెట్టె చూసి కళ్లజోడు సవరించుకుంది.

"ఇది ఖాళీగా ఉందేం? కంప్యూటరు చెడిందా?"

"అది బాగానే ఉందండీ. ఆ పుస్తకాల గదికే తాళం వేసుంది" అంది మా పిల్ల.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

డైరెక్టరు గారు సీలింగు ఫ్యాను కేసి చూశారు. "అడిగినవాళ్లెవరూ లేరు మేడం" అని గొణిగారు.

"ఉన్నారండీ. మన టెలిఫోన్ ఆపరేటరు గారు. ఆయనకి చూపు లేదు. చేరినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. గది నిండా విరిగిన కుర్చీలున్నాయి, తర్వాత చూద్దామని మనవాళ్లు అంటూనే ఉన్నారు."

అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. ఊరందరికీ ఏ పుస్తకం ఎక్కడుందో ఫోనులో చెప్పే మనిషి, తను చదువుకోవడానికి ఒక్క పుస్తకానికీ నోచుకోలేదన్నమాట! మా పిల్ల పోట్లాడింది ఆయన కోసం.

కుర్చీలు బయటికి పోయాయి. పుస్తకాల బీరువా కిందికి దిగి టెలిఫోను పక్కనే చేరింది. మొన్న డైరెక్టరు గారు పై అంతస్తు నుంచి ఫోను చేశారట.

"ఒక్క నిమిషం ఆగండి సార్" అన్నాడట ఆపరేటరు. "హంతకుడు తలుపు తీస్తున్నాడు. ఈ పేరా కాస్తా అయిపోనివ్వండి."