పాము కరవని పానకాలు

పర్చూరు నుంచి చిలకలూరిపేట దాకా వెతికినా పానకాలంతటి కోతలరాయుడు దొరకడు. అతను నాటిన మిరపచెట్టుకు కాయలు కోయాలంటే నిచ్చెన వేయాల్సి వచ్చింది. అతని నాయన ఎద్దు ఒంగోలులో రైలుతో పందెం కట్టి, సింగరాయకొండ స్టేషన్లో ఆ రైలు కోసం గంటసేపు నెమరేస్తూ నిలబడింది. ఇవన్నీ అతను చెప్పినవే, చూసినవాళ్ళు లేరు.

ఏడేళ్ళ కిందట కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు. సారా మానాడు, బీడీ మానాడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడం మానాడు. "మనిషంతా మునిగాడు గాని, నాలుక మాత్రం పైకి తేలింది" అనేది అతని భార్య వెంకటేశ్వరమ్మ.

మొన్న ఫిబ్రవరిలో, కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల మీద మంచు పడకుండా కప్పిన పట్టాను పొద్దున్నే లాగుతున్నాడు. దాని కింద వెచ్చగా పడుకున్న పామొకటి అతని పాదం మీదుగా జరజరా పాకి పత్తిచేలోకి పోయింది. కరవలేదు. "ప్రభువా!" అని పానకాలు కూలబడ్డాడు. జరిగింది ఇంతే.

టీ కొట్టు చేరేసరికి అది తాచుపామై పడగెత్తింది. మధ్యాహ్నానికి కాటేసింది. మర్నాటికి గుంటూరు ఆసుపత్రిలో పానకాలు ఊపిరి ఆగిపోయి, మూడు గంటల తర్వాత లేచి కూర్చుని కాఫీ అడిగాడు.

"ఏరా, కరిస్తే మచ్చ ఏదిరా?" అన్నాడు టీ కొట్టు కోటేష్.

"ప్రభువు బాగుచేస్తే మచ్చ కూడా ఉండదురా పిచ్చోడా!"

ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరుగారికి పానకాలు సంగతి తెలియదు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. రోడ్డు మీద ఫ్లెక్సీ లేచింది: 'చనిపోయి బ్రతికిన పానకాలు గారు'. పుట్టి బుద్ధెరిగాక అతని పేరు పక్కన గారు పడటం అదే మొదలు. సైకిలు మీద నాలుగుసార్లు వెళ్ళి చూసుకున్నాడు.

శనివారం కళ్ళంలో కాయలు ఏరడానికి వచ్చిన సుబ్బరావమ్మ అతని పక్కన చేరింది. ఆమె భర్త నిరుడు పాము కరిచే పోయాడు.

"అన్నా, మా ఆయన కూడా ప్రభువునే పిలిచాడే. నిన్ను లేపినోడు ఆయన్నెందుకు లేపలేదు? నేనేం తప్పు జేశానో నీకేమన్నా తెలిస్తే చెప్పన్నా."

పానకాలు చేతిలోని కాయలు బుట్టలో పడేసి లేచాడు. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చున్నాడు, తినలేదు.

"ఏమేవ్, రేపు నిజం చెబితే ఊరంతా నా మొహాన ఉమ్మేస్తదే."

"చెప్పకపోతే?" అంది వెంకటేశ్వరమ్మ. "కాలవలో ఒకసారి మునిగితే అయిపోలేదయ్యా. చివరిదాకా నిలబడాలి."

ఆదివారం మందిరం కిటికీల బయట కూడా జనమే. పానకాలు మైకు పట్టుకున్నాడు.

"అందరికీ వందనాలు. నన్ను పాము కరవలేదు. నేను చావలేదు. ఆసుపత్రికి పోలేదు. పట్టా కింద పాముంది, దాని దారిన అది పోయింది. తక్కిందంతా నా నోరే."

గుమ్మం దగ్గర నుంచి కోటేష్ అరిచాడు: "ఎద్దు సంగతి కూడా చెప్పరా!"

"అదీ అబద్ధమే. మా నాయనకి ఎద్దే లేదు."

మందిరం పైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. నవ్వని మనిషి సుబ్బరావమ్మ ఒక్కతే. పానకాలు ఆమెనే చూస్తూ అన్నాడు.

"అమ్మా, ప్రభువు మీ ఆయన్నెందుకు తీసుకుపోయాడో నాకు తెలీదు. నువ్వు మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి. పాస్టరుగారు తల దించుకుని "ఆమెన్" అన్నారు. ఆ సాయంత్రమే ఫ్లెక్సీ దిగింది. పానకాలే నిచ్చెన వేసుకుని దించాడు.

మర్నాడు కళ్ళంలో పానకాలు, వెంకటేశ్వరమ్మ, సుబ్బరావమ్మ రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. తాలుకాయ ఒకటి పక్కన పడేసి సుబ్బరావమ్మ అడిగింది.

"ఇంతకీ ఆ పాము ఎంత పొడుగుందన్నా?"

పానకాలు ఉత్సాహంగా రెండు చేతులూ బార చాపాడు. వెంకటేశ్వరమ్మ దగ్గింది. చేతులు మెల్లగా దగ్గరకు జరిగి, జరిగి, మూరెడు దగ్గర ఆగాయి.