జీడితోటలో అడ్డదారి

మల్కాపురంలో పుట్టి పెరిగినవాడు దారి ఎవరిదని అడగడు. రేవులో పనిచేసే నాకూ అదే బుద్ధి. గోడ ఉంటే చుట్టూ తిరుగుతాం, లేకపోతే మనదే. మా అక్క మొగుడు మాత్రం రైతు ఇంట్లో పుట్టినవాడు. ఆ బావకి గోడ లేనిచోట కూడా ఆగే అలవాటు.

కిందటి వేసవిలో వాళ్ళ మేనత్త గృహప్రవేశానికి బైకు మీద బయల్దేరాం. అనకాపల్లి దాటాక టైరు పంక్చరైంది. బండి షాపులో వదిలేసి నడక మొదలుపెట్టాం. రోడ్డు వెంట వెళ్తే మూడు కిలోమీటర్లు. ఎదురుగా జీడితోట, అది దాటితే రైలు పట్టాలు, పట్టాల అవతలే ఊరు. ఆకలి రుచెరగదంటారు. నా ఆకలి సరిహద్దులు కూడా ఎరగదు.

తోట కంచెలో మనిషి పట్టేంత సందు ఉంది. దానికి ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. బావ అక్కడ ఆగి, తోట గల ముసలామెను "ఓ మామ్మా" అని మూడుసార్లు కేకేశాడు. జవాబు లేదు.

"పలకలేదు. రోడ్డెంట పోదాం రారా," అన్నాడు.

"ఎవరూ లేనప్పుడు ఇంకెవర్ని అడగాలి బావా?"

"లేనప్పుడే ఎల్లకూడదురా. ఆ మామ్మ ఒంటి మనిసి. ఉన్నదల్లా ఓ ఆవు. దాన్ని లోపలొదిలీసి, పట్టాల మీదకి పోకుండా రెండు పక్కలా కంప ఎట్టుకుంటాది."

తీసిన కంప మళ్ళీ పెట్టేస్తే సరిపోతుందని నేనే దాన్ని లాగాను. బావ కూడా గొణుగుతూ నా వెంట లోపలికి వచ్చాక జాగ్రత్తగా పెట్టాను కూడా. ఆ మాత్రం మర్యాద నాకు ఉందనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం. జీడికొమ్మలు నేలను రాసుకునేంత కిందికి వాలి ఉన్నాయి. పిట్ట కూత లేదు. పాక ముందు తాడు మీద చీర కదలకుండా వేలాడుతోంది. పొయ్యిలో పొద్దుట బూడిద కప్పిన నిప్పు ఇంకా సన్నగా పొగ చిమ్ముతోంది, మనిషి లేదు. ఎవరింట్లోనో వాళ్ళు లేనప్పుడు దూరి మంచమెక్కినట్టు ఒళ్ళు ముడుచుకుపోయింది. అక్కడే వెనక్కి మళ్ళాల్సింది.

కాస్త దూరం పోయాక మా వెనకాల ఎండుటాకులు నలిగాయి. మేం ఆగాం. అదీ ఆగింది. నడిచాం, అదీ నడిచింది.

"ఆవేమో," అన్నాను.

"దాని మెళ్ళో గంటుంటాది. గంట ఇనబడతందేటి నీకు?"

వినబడలేదు. తిరిగి చూడబోతే బావ నా మెడ పట్టుకున్నాడు. "మిట్టమజ్జాన్నం తోటలో ఎనక్కి సూడకూడదు. నడు."

ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి. క్రేన్ల కింద తిరిగే మనిషిని, అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నేను చూడలేదు. అడుగులు దగ్గరపడ్డాయి. వీపు మీద వెచ్చగా ఊపిరి తగిలింది. ఇద్దరం పరుగు అందుకున్నాం. అవతలి కంపను కాలితో పక్కకు తన్ని, పట్టాలు దాటి ఊళ్ళో పడ్డాం. దాన్ని మళ్ళీ పెట్టాలని ఎవరికీ తోచలేదు.

విస్తరి ముందు కూర్చుని రెండోసారి పప్పు వేయించుకుంటుంటే గూడ్సు బండి కూత వినబడింది. ఆగకుండా చాలాసేపు కూసింది. నా చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది.

మేం వెళ్ళేసరికి ఆవు పట్టాల కట్ట కింద పడి ఉంది. మెళ్ళో గంట లేదు. గంట విరిగిపోతే బాగుచేయించడానికి మామ్మ పొద్దున్నే పట్నం తీసుకుపోయిందని అక్కడున్నవాళ్ళు చెప్పారు. బావ నోరు మెదపొద్దన్నట్టు నా చెయ్యి నొక్కాడు.

సాయంత్రం ఆమె బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది. ఏడవలేదు. ఆవు పక్కన కూర్చుని దాని చెవి నిమరడం మొదలుపెట్టింది. నేను ఉండబట్టలేక అంతా చెప్పేశాను, తోటలో జొరబడ్డామనీ, అడుగులకు జడిసి కంప వదిలేసి పారిపోయామనీ. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మనిసి అలికిడైతే సాలు, ఎనకాలే వచ్చీసేది," అంది. "నాను లేకపోతే దానికి బయ్యం నాయనా. ఒక్కసారైనా ఎనక్కి సూసినారా?"

లేదన్నాను.