పెట్రోమాక్స్ సూర్యకళ

వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్లుండే సందు మొదట్లో సూర్యకళ టిఫిన్ బండి ఉంది. చీకటి పడితే బండి పక్కన ఇనప స్టాండుకి పెట్రోమాక్స్ లైటు వేలాడుతుంది. వీధిదీపాలు బాగానే వెలుగుతాయి, బండికి బల్బు కూడా ఉంది. అయినా వెలిగిస్తుంది. ఎందుకని అడిగితే మొహమాటం లేకుండా చెబుతుంది.

"నా ఇష్టం. ఇన్నాళ్ళూ ఎవలి పెళ్ళిళ్ళకో ఎలిగింది. ఇప్పుడు నాకోసం ఎలిగించుకుంటన్నాను."

ఆవిడది తగరపువలస దగ్గర పల్లె. తల్లి చిట్టమ్మ పెళ్ళి ఊరేగింపుల్లో లైట్లు మోసేది. బ్యాండు మేళానికి రెండు పక్కలా ఆడవాళ్ళు నెత్తిమీద గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని, దానిమీద బుస్సుమంటూ మండే పెట్రోమాక్స్ ఎత్తుకుని నడిచేవారు. ఎదిగీ ఎదగని వయసులోనే సూర్యకళ కూడా తల్లి వెనక వరసలో చేరింది. పెళ్ళివారు ఎక్కడ ఆగి చిందులేస్తే అక్కడ నిలబడిపోవాలి. మెడ తిప్పకూడదు. దీపపు పురుగులు కంట్లో పడినా తుడుచుకోకూడదు. అందరి భోజనాలూ అయ్యాక ఏదైనా మిగిలితే, అది వీళ్ళకి.

ఒక పెళ్ళిలో తాగి ఆడుతున్నవాడొకడు వెనక్కి తూలి ఆ పిల్లమీద పడ్డాడు. లైటు ఒరిగి, మండుతున్న కిరసనాయిలు నెత్తిమీద ఒలికింది. చిట్టమ్మ తన లైటు కింద పెట్టి, కొంగుతో కొట్టి మంట ఆర్పింది. పరుగున వచ్చిన లైట్ల యజమాని పిల్ల వంక చూడలేదు. "గ్లాసు పగలగొట్టేసినారు కదే!" అని తిట్టాడు. మగపెళ్ళివారి పెద్దాయన "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఈ ఏడుపేమిటి, పక్కకి తీసుకుపోండి" అన్నాడు. పాట ఆగలేదు. కాలినచోట ఇప్పటికీ జుట్టు మొలవలేదు. సూర్యకళ దానిమీంచి దువ్వుకుని ముడి వేసుకుంటుంది.

జనరేటర్లు వచ్చి ఆ పని పోయింది. వెల్డింగ్ పనిచేసే కోటిని పెళ్ళాడి పట్నం వచ్చి, బండి పెట్టుకుంది. చాలా ఏళ్ళకి పాత సామాను కొట్లో చిలుం పట్టిన పెట్రోమాక్స్‌ల కుప్ప కనబడింది. తమ ఊరి లైట్ల యజమాని పేరు ఎర్రరంగుతో వాటి టాంకీలమీద ఇంకా ఉంది. ఒకటి కొనుక్కుని ఇంటికి తెచ్చింది.

"నెత్తి కాల్చినదాన్నే ఇంటికి తెచ్చుకున్నావేటే?" అన్నాడు కోటి.

"నన్ను గంటలకొద్దీ నిలబెట్టినాది కదా. ఇప్పుడది గోడకి ఏలాడాల. నాను కుర్సీలో కూకుని సూడాల."

కోటి నవ్వలేదు. గోడకి మేకు కొట్టాడు. తరవాత మిగతావీ తెచ్చింది, ఇంకెక్కడెక్కడివో ఏరుకొచ్చింది. గోడ నిండిపోయింది.

బండి దగ్గర ఇడ్లీ తినడానికి వచ్చిన కాలేజీ లెక్చరర్ మధులత ఆ లైట్ల సంగతి విని, ఆవిణ్ణి పాత దీపాల సంఘానికి తీసుకెళ్ళింది. ఓడల ఇత్తడి లాంతర్లు, రైలు గార్డుల చేతిదీపాలు, గాజు గుత్తిదీపాలు సేకరించేవాళ్ళ సంఘం అది. అధ్యక్షుడు గురునాథరావు, రిటైరైన ఇంజనీరు. చెడ్డమనిషేం కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, టీ ఇచ్చాడు, సభ్యురాలిగా పేరు రాయించాడు. ఆ రోజు సూర్యకళ ఇంటికొచ్చి కోటికి అదే నాలుగుసార్లు చెప్పింది.

పోయిన శీతాకాలం బీచ్ రోడ్డులో ఒక హాలు తీసుకుని సంఘం ప్రదర్శన పెట్టింది. పెట్రోమాక్స్‌లన్నీ సూర్యకళవే. దానికి ముందు గురునాథరావు ఆవిణ్ణి పిలిచాడు.

"ముఖ్య అతిథిని గేటు దగ్గర్నించి ఊరేగింపుగా తీసుకొద్దాం. ఆడవాళ్ళు ఒకే రంగు చీరలు కట్టుకుని లైట్లు ఎత్తుకుంటారు. ముందు మీరు నడవాలి, సూర్యకళగారూ. ఫొటోలు అదిరిపోతాయి."

"నెత్తిమీదనా?"

"అవును, మన సంప్రదాయం కదా!"

"సంప్రదాయం కాదు సారూ, కూలి. నాను మొయ్యను. ఎవల్నీ మొయ్యనివ్వను."

ఆయన సరేనన్నట్టు తలూపాడు. అది నమ్మి సూర్యకళ లైట్లు ముందే హాలుకి పంపింది. కానీ ప్రదర్శననాడు ఆవిడ హాలుకి వెళ్ళేసరికి గేటు దగ్గర కూలికి తెచ్చిన అమ్మాయిలు వరసగా నిలబడి ఉన్నారు. నెత్తిన చుట్టకుదుర్లు. వాటిమీద తన లైట్లు, బుస్సుమంటూ.

సూర్యకళ నేరుగా వరస దగ్గరికి నడిచింది. మొదటి అమ్మాయి ముందు నిలబడి, రెండు చేతులతో లైటు అందుకుని నేలమీద పెట్టింది. రెండో అమ్మాయిదీ అంతే. గురునాథరావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారమ్మా? అతిథి కారు దిగుతున్నారు!"

"దిగనీండి."

"వీళ్ళని ఊరికే చెయ్యమనలేదు, డబ్బులిస్తున్నాం."

"మాకూ ఇచ్చినారు." ఆవిడ ముడి విప్పి, వంగి, అందరిముందూ నడినెత్తి చూపించింది. "ఇదీ మీ సంప్రదాయం. సూసుకోండి. అంత ముచ్చటగా ఉంటే మీరెత్తుకోండి సారూ, నాను ఫొటో తీస్తాను."

గురునాథరావు మొహం కందిపోయింది. "ఇలా అల్లరి చేస్తే సంఘంలో ఉండలేరు" అన్నాడు.

"తీసెయ్యండి. నా లైట్లు మాత్రం నావి."

మధులత ముందుకొచ్చి ఇంకో అమ్మాయి నెత్తిమీది లైటు పిడి పట్టుకుని కిందికి దించింది. వరసలో చివరి అమ్మాయి తన లైటు తనే దించేసింది. అతిథి ఊరేగింపు లేకుండానే మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సూర్యకళ ఒక్కో లైటూ ఆర్పి, చల్లారేదాకా మెట్లమీద కూర్చుంది. తరవాత అన్నీ ఆటోలో వేయించుకుని ఇంటికొచ్చేసింది. ఆ రాత్రి మటుకు ఏడ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టిన చోటు పోయిందని.

సంఘం ఆవిడ పేరు తీసేసింది. కొందరు సభ్యులు, క్షమాపణ చెబితే మళ్ళీ చేర్చుకుంటామని కబురు తెచ్చారు. "నానేటి తప్పు సేసినాననీసి?" అని ఆ వచ్చినవాళ్ళకే ప్లేట్లో ఇడ్లీ పెట్టి పంపింది.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు బండి దగ్గరే కొంతమంది చేరతారు. మధులత వస్తుంది. గురునాథరావు ఎప్పుడూ రాలేదు. లైట్లు మోసిన ముసలమ్మలు కొందరు వస్తారు, ఆటో దిగి మెడ పట్టుకుంటూ. వాళ్ళకి ముందు కుర్చీలు వెయ్యాలి, తక్కినవాళ్ళు నిలబడాలి. అది ఆవిడ పెట్టిన నిబంధన.

మొన్న భీమిలి వైపు రిసార్టులో పెళ్ళి చేయిస్తున్నవాళ్ళు వచ్చారు. పాతకాలం ఊరేగింపు కావాలట. లైట్లతోపాటు మోసేవాళ్ళనీ పంపమన్నారు.

"లైట్లిత్తాను. తలలివ్వను" అంది సూర్యకళ. చక్రాల స్టాండ్లు చేసిస్తాడని కోటిని చూపించింది.  ఆవిడ వాళ్ళ జవాబు కోసం ఆగకుండా పెనం మీద అట్టు తిరగేసింది.