ఎరువు తెచ్చుకున్న ఊపిరి

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ సరిగా చెప్పలేరు. "ఆస్పత్రుల్లో మంచాలు ఎంచే పనప్పా" అంటాడు నాయన, అడిగినవాళ్లతో. అది సగం నిజం. బెంగళూరులో ఒక కంపెనీ ఉంది. దేశంలో ఏ ఆస్పత్రిలో ఏ యంత్రం ఉంది, అది పనిచేస్తోందా లేదా అని పటం తయారుచేయడం దాని వ్యాపారం. స్కానింగులు, డయాలసిస్ మిషన్లు, వెంటిలేటర్లు, అన్నీ ఆ పటంలో రంగు చుక్కలవుతాయి. యంత్రాలు అమ్మేవాళ్లు డబ్బిచ్చి ఆ పటం కొంటారు. ఎక్కడ లేదో తెలిస్తే అక్కడికి అమ్మబోవచ్చు కదా. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, వాటి చుట్టూ ఉన్న మండలాలు నా వంతు. గుడిబండలో పుట్టి హిందూపురంలో కాపురం పెట్టినదాన్ని, కన్నడమూ తెలుగూ రెండూ వచ్చు. ఎవరు ఏ భాషలో అబద్ధమాడినా ఇట్టే పట్టేస్తానని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

మా చెల్లెలిని తాడిమర్రి దగ్గర పల్లెలో ఇచ్చాం. చీనీతోట, అదే బత్తాయితోట, వేరుశనగ చేలు ఉన్న ఇల్లు. దాని మొదటి కానుపు నెలలు నిండకముందే వచ్చింది. బిడ్డ ఏడవబోయి ఏడవలేక, ఊపిరి చాలక పోయింది. అందుకే రెండోసారి నిలిచిందని తెలిసినా మేమెవరమూ నోరారా సంతోషపడలేదు. డాక్టరమ్మ మొదటే చెప్పేసింది. ఇది కూడా ముందుగా రావచ్చు, వస్తే అటూ ఇటూ తిరక్కుండా పసిబిడ్డలకు ఊపిరి అందించే మిషన్ ఉన్న చోటికే నేరుగా పోవాలి అని.

"అక్కా, నువ్వు అన్ని ఆస్పత్రులూ చూసినావు గదా. నేను యాడికి పోవాల?" అని చెల్లెలు ఫోన్ చేసింది. ఆ గొంతులో భయం లేదు. నా మీద నమ్మకం ఉంది. నాకు భయమేసింది అందుకే.

మామూలుగా అయితే వెంటిలేటరుకు నేను నిమిషం కూడా కేటాయించను. ఉందా, ఉంది. ఫోటో తీసుకుని బయటపడతాను. ఆ నెల మాత్రం పసిబిడ్డల మిషన్ కనిపిస్తే దాని చుట్టూ తిరిగి మరీ చూశాను. మొదట హిందూపురంలో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో కనిపించింది. కొత్తది. దసరాకు ఆయుధపూజలో పెట్టిన కుంకుమబొట్టు దాని పక్క రేకు మీద ఇంకిపోయి, తుడిచినా పోని ఎర్రటి మచ్చగా మిగిలింది. చక్రాల్లో ఒకటి విరిగిందేమో, మిగతావి తెల్లగా ఉంటే అదొక్కటే నల్లది. డాక్టరు స్విచ్చి వేసి చూపించాడు. అది పెద్ద పిల్లిలా గుర్రుమంది.

ఆ తర్వాతి వారం పెనుకొండలో కూడా అదే రకం మిషన్ చూపించారు. దాని మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. డాక్టరు గుడ్డ ముందువైపు మాత్రం పైకెత్తి, "వర్కింగ్ కండిషన్ మేడమ్" అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. మన వైపు కూడా రోజులు మారుతున్నాయని ఆ సాయంత్రం బస్సులో పక్కావిడకు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ధర్మవరంలో అయితే గుడ్డ లేదు. మిషన్‌ను కిటికీ పక్కన, వెలుతురులో, పెళ్లికూతురిని కూర్చోబెట్టినట్టు పెట్టారు. ఇది చెల్లెలి ఊరికి దగ్గర. దేవుడు కరుణించాడనుకుంటూ ఫోటో తీయడానికి వంగాను. తెల్లటి చక్రాల మధ్య ఒక నల్ల చక్రం. పక్కకు జరిగి చూశాను. రేకు మీద ఎర్రటి మచ్చ.

పెనుకొండలో గుడ్డ ఎందుకు కప్పారో అప్పుడు అర్థమైంది. ఫోన్ మోగి డాక్టరు బయటికి పోగానే పక్కనున్న నర్సును పట్టుకున్నాను. నడివయసు మనిషి, మొహమాటం లేని మనిషి.

"ఇది హిందూపురం మిషన్ కదమ్మా?"

ఆమె దాచలేదు. నవ్వింది కూడా. "మీరు వస్తాండారని నిన్న ఫోన్ చేసినారు గదా మేడమ్. సర్కారు తనిఖీ అనుకున్యారు మా సారు. ముగ్గురు డాక్టర్లూ ఒకే కాలేజీలో చదువుకున్యోళ్లు. పెండ్లికి గుండిగలు అడిగి తెచ్చుకుంటాం చూడు, అట్ల. ఎవరింటికి చుట్టాలొస్తే ఆ ఇంటికి పోతాది ఇది."

"మరి బిడ్డ పుడితే?"

"పుట్టినప్పుడు యాడుంటే ఆడ్నే," అంది ఆమె. ఈసారి నవ్వలేదు.

పరువు కోసం గుండిగ అరువు తెచ్చుకుంటే అన్నం ఉడుకుతుంది, ఎవరికీ నష్టం లేదు. నేను చూస్తున్నది అది కాదు. ఎరువు సొమ్ము బరువు చేటని మా అవ్వ అంటుండేది. ఇక్కడ ఎరువు తెచ్చుకున్నది ఊపిరి. డాక్టర్ల మీద ఒళ్లు మండింది. వాళ్లు దొంగలు కూడా కాదు, అదే నా కోపానికి ఊతం లేకుండా చేసింది. వచ్చినవాళ్ల ముందు ఇల్లు బోసిగా కనపడకూడదని మనందరం పడే తాపత్రయమే వాళ్లదీ.

ఆ మధ్యాహ్నమే బెంగళూరులోని మా పైఅధికారికి ఫోన్ చేశాను. మూడు చోట్లా ఉన్నది ఒకటే మిషన్, రెండు చుక్కలు తీసేయండి అన్నాను. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. మీరు కళ్లతో చూశారా అని అడిగాడు. చూశాను. పనిచేస్తోందా? చేస్తోంది. మరింకేం, చూసిన రోజు అక్కడ ఉన్నట్టే కదా, అది ఎవరిదన్న ప్రశ్న మన సర్వేలో లేదు అన్నాడు. దేశమంతా ఒకే పద్ధతి, మీ మూడు ఊళ్ల కోసం మార్చలేం, వచ్చే సర్వేలో చూద్దాం అన్నాడు. నేను గట్టిగా అరిచాను. ఆయన ఓపికగా విని, మీరు అలసిపోయినట్టున్నారు అన్నాడు.

అంతటితో పోయినా బాగుండేది. ఆ పటంలో కొంత భాగాన్ని కంపెనీ జనం కోసం ఫోన్ యాప్‌గా ఉచితంగా వదిలింది. మీకు దగ్గరలో ఏ ఆస్పత్రిలో ఏముందో చూసుకోండి అని. మంచి పనే. కొన్నాళ్లకు నేను తాడిమర్రి పోయి, ధర్మవరం వద్దు, అనంతపురం పోవాలి, ఇప్పటినుంచే అక్కడ చూపించుకోండి అని చెప్తే, చెల్లెలి మొగుడు, మా మరిది, తన ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. ధర్మవరం మీద పచ్చటి చుక్క వెలుగుతోంది.

"ఉండాదని చూపిస్తాండాది గదా వదినా. ఇది మీ కంపెనీదే."

"అది తప్పప్పా. నేనే రాశాను, నేనే చెప్తున్నాను."

"నువ్వు రాసిందే తప్పయితే ఇప్పుడు చెప్పేది ఒప్పని ఎట్ల నమ్మేది?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. "ఆడుండే డాక్టరు కూడా ఉండాదనే చెప్పినాడు. ధర్మవరం అయితే దగ్గిర."

నా పనే నా మాటను కొట్టేసింది. వాళ్లత్తగారు తులసికోట దగ్గర కూర్చుని ఎటూ చెప్పకుండా వింటోంది. చెల్లెలు నా వైపూ మొగుడి వైపూ చూసి తల దించుకుంది. దానికి ఏడో నెల నడుస్తోంది. సెలవు పెట్టి నేను అక్కడే ఉండిపోయాను. పగలంతా దాని నడక చూస్తూ, అది నడుము మీద చెయ్యి వేసుకుంటే చాలు లేచి దగ్గరికి పరుగెత్తేదాన్ని. ధర్మవరం నర్సుకు రోజూ ఫోన్ చేసి మిషన్ ఉందా అని అడిగేదాన్ని. "లేదు మేడమ్, హిందూపురం పాయ" అనేది ఆమె.

గురువారం పొద్దున చెల్లెలు పెరట్లోంచి కేక వేసింది. పోయి చూస్తే గోడ పట్టుకుని నిలబడి ఉంది, మొహం పాలిపోయింది. మరిది పక్కింటివాళ్ల కారు తెచ్చాడు. దాన్ని వెనక సీట్లో పడుకోబెట్టాం. కారు మూతి ధర్మవరం దావ వైపే ఉంది. ఇంకోసారి మిషన్ సంగతి చెప్తే వినే తీరిక ఎవరికీ లేదు. అత్తగారు సంచి పట్టుకుని ఎక్కబోతుంటే నా నోటివెంట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అత్తా, ఈ దినం గురువారం. దక్షిణం శూల కదా!"

ఫలానా వారం ఫలానా దిక్కుకు పయనం కూడదనే ఆ శూల లెక్కను జీవితమంతా ఎగతాళి చేసిన మనిషిని నేను. వాళ్ల పల్లె నుంచి ధర్మవరం దక్షిణం దిక్కు. అత్తగారు కారులో పెట్టిన కాలు వెనక్కి తీసింది.

"అవునే పాపా! మరిసేపోతి. రేయ్, అనంతపురం పోనీ."

"అమ్మా, దూరమవుతాది! ప్రాణం మీదికొస్తే శూల యాడిది?"

"మొదుటిసారి దగ్గిరనే గదా పోతిమి? ఏం మిగిలె? తిప్పు బండి!"

బండి తిరిగింది. చుక్కను నమ్మినవాడు అమ్మ మాటకు తిరిగాడు. నేను గెలిచాననుకోలేదు. దూరం ఇప్పుడు నేను ఎంచుకున్న దూరం. దారి పొడుగునా చీనీతోటలు వెనక్కి పోతున్నాయి, చెల్లెలి గోళ్లు నా చేతిలో దిగుతున్నాయి. ఈ కారులోనే బిడ్డ పుడితే? దగ్గరున్న చోటికి పోయి ఉంటే బతికేది అని జీవితాంతం అంటారు. నేనూ అనుకుంటాను. ఒకచోట రోడ్డు పనికి బండ్లు ఆగిపోయి ఉన్నాయి. మరిది దిగి ఎవరెవరి కాళ్లావేళ్లా పడ్డాడో దారి దొరికింది.

"అక్కా, మనం తప్పు దావన పోతాండామా?" అంది చెల్లెలు, కళ్లు మూసుకునే.

లేదన్నాను. నాకు తెలియదు.

అనంతపురంలో ఆస్పత్రి చేరిన కాసేపటికే ఆడబిడ్డ పుట్టింది. నా అరచేతికి కొంచెం పెద్దది. ఏడవబోయి ఆగిపోయింది, అచ్చం మొదటి బిడ్డలాగే. డాక్టర్లు ఎత్తుకుని పరుగెత్తారు. ఇక్కడ మిషన్ గోడ పక్కన తన చోటులో తానుంది. అద్దంలోంచి చూస్తే ఆ చిన్న రొమ్ము పైకి లేచి దిగడం కనిపించింది. అత్తగారు నా భుజం మీద తల పెట్టి, "శూల చూసి మంచి పని చేస్తివి" అంటూ ఏడ్చింది. మర్నాటికి డాక్టరు, బిడ్డ నిలబడుతుంది అన్నాడు. మరిది నా దగ్గరికొచ్చి నిలబడి, టీ తేవడానికి పోయాడు.

ఆ మధ్యాహ్నమే వరండాలో నా పక్కన ఒక మనిషి కూలబడ్డాడు. ముదిగుబ్బ దిక్కు రైతట. మెడలో కొత్త తువ్వాలు. అంతకుముందే ధర్మవరం నుంచి అంబులెన్సు రావడం, నర్సులు పరుగెత్తడం, తర్వాత పరుగు ఆపి నడవడం నేను చూశాను. ఏమైందో అడగాల్సిన పని లేదు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేనట్టు ఆయనే ఫోన్ తీసి నాకు చూపించాడు.

"ధర్మవరంలో ఉండాదని చూపిచ్చె మేడమ్. పోతిమి. పుట్టినంక చెప్పినారు, మిషన్ హిందూపురంలో ఉండాది, తెప్పిస్తాండామని. అది వచ్చేలోపల... ఇంకా చూపిస్తానే ఉండాది చూడండి. ఇది రాసినోళ్లు యాడుంటారో మీకేమన్నా తెలుసునా?"

"నేనే రాసింది," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "తీసేయండి మేడమ్," అన్నాడు. "రేపు ఇంకెవరన్నా పోతారు."

తీసే చెయ్యి నాది కాదని, అడిగానని, కాదన్నారని చెప్పాను. చెప్తుంటే నాకే అసహ్యం వేసింది. ఫోన్ తీసి, తిరిగే పల్లెల్లో పరిచయమైన ఆశా కార్యకర్తల్లో మొదట దొరికినామెకు కలిపాను. ఆ మూడు ఊళ్లకూ మిషన్ ఒకటే, యాప్ నమ్మి ఎవరినీ పంపొద్దు అన్నాను. అవతల ఆమె కూడా, మా మరిదికి మల్లేనే, "ఫోన్లో ఉండాదని చూపిస్తాండాది గదా మేడమ్, మీ మాట ఎట్ల నమ్మేది?" అంది. పక్కనున్న ఆయన చెయ్యి చాపాడు. ఫోన్ ఇచ్చాను.

"అమ్మా, అది నమ్మి పోయినోన్ని నేను. నా బిడ్డ పాయ. మీ ఊర్లో కడుపుతో ఉండేవోళ్లకు చెప్పమ్మా, పొయ్యేముందు ఫోన్ చేసి, ఆ పొద్దు ఆడ ఉండాదా లేదా అని అడుక్కోమను." కాసేపు అవతలి మాట విన్నాడు. "మగపిల్లోడమ్మా," అన్నాడు.

ఫోన్ నా చేతికిచ్చి, తర్వాతి నంబరు కలపమన్నాడు.