నోరే చూశాం, కన్ను చూడలేదు

ఇప్పపూలు రాలే రోజులవి. పొద్దున్నే లేచి పుక్కిలిస్తుంటే నీళ్లు నోట్లో నిలవలేదు. ఎడమ పక్క నుంచి కారి చీర తడిసింది. మా అత్త చూసి నవ్వింది.

"ఏందే కోడలా, పండ్లు రాని పిల్ల లెక్క చొంగ కారుస్తున్నవ్?"

నేనూ నవ్వాను. నా నవ్వు చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. నోరు కుడి పక్కకే పోయిందట.

మాది భోపాల్‌పట్నం దగ్గర పల్లె. "చెట్టు కింద గాలి సోకింది" అని అత్త ఉప్పు మూట వేడి చేసి చెంపకు కాపడం పెట్టింది. ఎడమ చెవి పక్కన గిన్నె చప్పుడైతే పిడుగు పడ్డట్టుండేది. పులుసు తింటే నాలుకకు ఆ పక్క రుచి తెలియలేదు. మర్నాడు మా ఆయన బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయాడు.

హిందీ కలిపి మాట్లాడే అక్కడి డాక్టరమ్మ రెండు చేతులూ ఎత్తమంది, నడవమంది, కనుబొమ్మలు పైకి లేపమంది. నా నుదుటి మీద ఎడమ పక్క ఒక్క ముడత పడలేదు.

"ఘబరావో మత్, భయపడకు అమ్మా. స్ట్రోక్ అయితే నుదురు మామూలుగా కదులుతుంది, చెయ్యో కాలో లాగుతుంది. ఇది ముఖానికి పోయే ఏడో నరం. బెల్స్ పాల్సీ అంటాం. మెల్లగా తగ్గుతుంది."

స్టెరాయిడ్ గోలీలు ఇచ్చింది. కంట్లో వేసుకోవడానికి చుక్కలు, పడుకునేటప్పుడు ఆయింట్‌మెంట్, రెప్ప మీద టేపు. "ఆంఖ్ బచానా, కన్ను కాపాడుకో" అని రెండుసార్లు చెప్పింది.

గోలీలు ఒక్కపూట తప్పలేదు. చుక్కలు, ఆయింట్‌మెంట్, టేపు మాత్రం మానేశాను. మందు వేస్తే చూపు మసకబారి, ఏరబోతే ఇప్పపూలు కనబడవు. అయినా కన్ను బాగానే చూస్తోంది కదా, జబ్బు నోటికి కదా అనుకున్నాను. ఇంట్లో అందరూ నా నోరే చూసేవాళ్లు, ఇవాళ ఎంత సర్దుకుంది అని.

పూలు ఏరే ముందు చెట్టు కింద ఎండుటాకులు కాలబెట్టడం మా దగ్గర అలవాటు. నేల శుభ్రమైతే పూలు తేలిగ్గా దొరుకుతాయి. ఆ పొగలో నా కన్ను మండింది. పొగకు అందరి కళ్లూ మండుతాయి కదా! పట్టించుకోలేదు. నాలుగో రోజుకు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కొంగు కప్పుకుని కూర్చున్నాను.

జగదల్‌పూర్‌లో కంటి డాక్టరు కంట్లో పచ్చరంగు మందు వేసి, నీలం లైటుతో చూశాడు. "నల్లగుడ్డు మీది పొర, కార్నియాకు పుండు పడింది. ఇంకా ఆలస్యమైతే చూపు పోతుంది" అన్నాడు.

ఆ తర్వాత మా ఆయన పూలకు పోలేదు. గంటగంటకూ చుక్కలు వేశాడు. నాగలి పట్టిన చేతులు. టేపు అతికించే ముందు తన కంటికే అతికించుకుని పీకి చూసుకున్నాడు. నాలుగు వెంట్రుకలు ఊడొచ్చాయి.

"అబ్బా! నీకు జబ్బొస్తే నాకు మంటేందే?" అన్నాడు.

"గట్ల కాదయ్యా, రెప్ప మూసి అడ్డంగా అంటించు."

"మూసినవా?"

"మూసిన."

"ఏడ మూసినవ్! తెల్లగుడ్డు కనబడుతున్నది."

నాకు మాత్రం మూసినట్టే ఉంది. మూయబోతే గుడ్డు పైకి పోయి చీకటయ్యేది. ఇన్నాళ్లూ కళ్లు మూసుకునే పడుకుంటున్నాననుకున్నాను. ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. ఆయన వేలితో నా రెప్పను మెల్లగా కిందికి దించి, అది నిలిచేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ముఖం ఇంకో నెలకు కదిలింది. ఊదుగొట్టంతో పొయ్యి ఊదితే బుగ్గలో గాలి నిలిచిన రోజు అత్త, "మళ్ల ఊదవే, మళ్ల!" అని నిప్పు బాగా మండాక కూడా ఊదించింది.

ఇప్పుడు గట్టిగా నవ్వితే ఎడమ కన్ను కొంచెం ముడుచుకుంటుంది. గుడ్డు మీద చిన్న మచ్చ మిగిలింది. దీపం చుట్టూ పొగమంచులా కనబడుతుంది, అంతే. మా చెట్టు కింద ఆకులు ఊడుస్తాం, కాల్చం.

ముఖం ఒక పక్క జారితే కాపడంతో ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి పోండి. ఇంటికొచ్చాక కళ్లు మూసుకుని, పక్కనున్న మనిషిని చూడమని అడగండి. మూసుకున్నామో లేదో మనకు తెలియదు.